విశాఖ నుంచి అండమాన్‌కు తెరచాప పడవలో వెళ్ళడానికి ఏ కాలం మంచిది, ఏ దారి మంచిది?

పటమట, విజయవాడ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా బావగారికి విశాఖలో 38 అడుగుల తెరచాప పడవ ఉంది. దానిమీద మేము నలుగురం బంగాళాఖాతం దాటి శ్రీ విజయపురం, అంటే 2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన రేవుకు వెళ్ళాలని నిశ్చయించుకున్నాం. సెలవులూ వాతావరణమూ అనుకూలిస్తే అక్కడి నుంచి థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ వరకు సాగాలన్న కోరిక కూడా ఉంది. మాలో ఇద్దరికి తీరం కనిపించని సముద్రంలో రాత్రింబవళ్ళు పడవ నడిపిన అనుభవం ఉంది. నేను మాత్రం ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో చిన్న పడవ మీద నేర్చుకుని, ఆ తరువాత విశాఖ, కాకినాడల మధ్య తీరం వెంబడి తిరిగినవాణ్ణి.

పడవ సామర్థ్యం గురించి మాకు పెద్ద సందేహాలు లేవు. ఏ నెలలో, ఏ రేవు నుంచి, ఏ దారిన వెళ్ళాలన్నది తేలడం లేదు. తూర్పుకు వెళ్ళేవారికి నైరుతి గాలి వెనుక నుంచి తోస్తుంది కాబట్టి జూన్ తరువాత బయలుదేరితే తొందరగా చేరతామని బావగారు అంటున్నారు. వానలు వెలిసి ఎండ కాసే నవంబరు మేలని నాకు అనిపిస్తోంది, కానీ అప్పుడు వీచేది ఈశాన్య గాలి కనుక అది మాకు ఎంతవరకు ఎదురవుతుందో లెక్క కట్టలేకపోతున్నాను. మా పూర్వులది దివిసీమ కావడం వల్ల మచిలీపట్నం నుంచే బయలుదేరాలన్న కోరిక నాకు బలంగా ఉంది. ఇది కుదిరే పనేనా? సముద్రం తెలిసినవారు, వాతావరణం తెలిసినవారు వివరంగా చెబితే కృతజ్ఞుణ్ణి.

అరండల్‌పేట, గుంటూరు

నేను వాణిజ్య నౌకల్లో అధికారిగా పనిచేసి విరమించుకున్నవాణ్ణి. తెరచాప పడవల మీద కూడా బంగాళాఖాతం చూశాను. ముందు కాలం సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే కాలం తేలితే రేవు, దారి అనే మిగతా రెండు ప్రశ్నలూ చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

గాలి దిక్కు ఒక్కటే చూస్తే మీ బావగారి మాట నిజమే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా బంగాళాఖాతం మీద నైరుతి గాలి నిలకడగా వీస్తుంది, పడవ కూడా వేగంగానే వెళుతుంది. అయితే ఆ గాలి 20 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) దాటి రోజుల తరబడి వీచినప్పుడు మూడు మీటర్లకు మించిన కెరటాలు వెనుక నుంచి వస్తూనే ఉంటాయి, దట్టమైన మబ్బులో దూరం చూపు ఆనదు, ఉత్తర బంగాళాఖాతంలో వాయుగుండాలు ఒకదాని తరువాత ఒకటి పుడుతుంటాయి. వీటన్నిటికన్నా నేను ఎక్కువగా భయపడేది గమ్యం దగ్గరి పరిస్థితికి. పడమటి నుంచి వచ్చేవారికి అండమాన్ దీవులు ఉత్తర దక్షిణాలుగా అడ్డంగా పరుచుకుని ఉంటాయి. వాటి పడమటి అంచున పగడపు దిబ్బలు ఉన్నాయి. నైరుతి గాలి పడవను నేరుగా ఆ అంచు మీదికే తోస్తుంది. చుక్కాని దెబ్బతిన్నా, ఇంజను మొరాయించినా వెనక్కి తగ్గడానికి చోటు ఉండదు. ఇంట్లో అందరూ ఎదురుచూసే ప్రయాణానికి ఈ కాలాన్ని పూర్తిగా వదిలేయమని బావగారికి నా మాటగా చెప్పండి.

ఇక ఈశాన్య గాలి. మీరు అనుకుంటున్నంత ఎదురుగాలి అది కాదు. ఆ సంగతి మీరు బయలుదేరే రేవును బట్టి ఉంటుంది. అండమాన్ ప్రధాన దీవులకు దక్షిణాన, రట్లండ్ దీవికీ లిటిల్ అండమాన్‌కూ నడుమ డంకన్ జలసంధి ఉంది. విశాఖ నుంచి దాని ముఖద్వారానికి గీత గీస్తే దూరం సుమారు 660 నాటికల్ మైళ్ళు, ఉత్తరం నుంచి కుడిపక్కకు కొలిస్తే దిశ దాదాపు 126 డిగ్రీలు. గాలి సరిగ్గా ఈశాన్యం నుంచి, అంటే 45 డిగ్రీల నుంచి వస్తే పడవకూ గాలికీ మధ్య కోణం 80 డిగ్రీల చిల్లర. గాలి దాదాపు పక్క నుంచే తగులుతుందన్నమాట. మీ పడవ వంటిది హాయిగా నడిచే కోణాల్లో అదొకటి. అదే చెన్నై నుంచి బయలుదేరితే దూరం 725 మైళ్ళకు పైగా, దిశ సుమారు 100 డిగ్రీలు, గాలితో కోణం 55 డిగ్రీలే. కెరటాలున్న సముద్రంలో, సామాను నింపుకున్న విహార పడవ ఆ కోణంలో గాలికి ఎదురొడ్డుతూ, పక్కకు జారుతూ, ప్రతి కెరటానికీ ముక్కు కొట్టుకుంటూ వెళ్ళాలి. గాలి కొంచెం తూర్పుకు తిరిగినా గమ్యం వైపు నేరుగా వెళ్ళడం కుదరక అటొకసారి ఇటొకసారి మళ్ళుతూ పోవలసి వస్తుంది. అందుకే ఉత్తరాన ఉన్న రేవు మీకు వరం.

మచిలీపట్నం నుంచైతే దూరం 730 మైళ్ళు, గాలితో కోణం 70 డిగ్రీల దరిదాపు. గాలి పరంగా చూస్తే చెన్నై కన్నా మేలే. కానీ ఆ తీరమంతా కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు. ఒడ్డు దగ్గర నీరు చాలా దూరం దాకా లోతు లేదు. ఇసుక మేటలు వరదకొకసారి చోటు మారుతుంటాయి. దాదాపు రెండు మీటర్ల లోతు కావలసిన కీల్ (పడవ అడుగున నిలువుగా దిగి ఉండే భాగం) ఉన్న పడవను అక్కడి మొగల్లోంచి పోటు చూసుకుని బయటికి తేవడం స్థానిక మత్స్యకారుల సాయం లేకుండా చేయదగిన పని కాదు. మీ కోరికను నేను గౌరవిస్తాను, అయినా విశాఖనే ఎంచుకోండి. అది కుదరకపోతే కాకినాడ.

బయలుదేరాక ఒక నియమం పాటించండి. మొదటి రెండు మూడు రోజులు గమ్యానికి నేరుగా గురిపెట్టకుండా, గాలి అనుమతించినంతవరకు గీతకు కొంచెం ఉత్తరంగానే ఉండండి. గాలివైపు సంపాదించి ఉంచుకున్న దూరాన్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు ఖర్చు చేసుకోవచ్చు. గాలి కిందికి జారిపోయాక ఆ దూరాన్ని తిరిగి సంపాదించుకోవడం చాలా కష్టం. 90 డిగ్రీల రేఖాంశం దగ్గరికి వచ్చాక గాలి తూర్పుకు మళ్ళినా, మీరు ఎత్తున, అంటే గాలివైపు, ఉన్నారు కనుక సుఖంగా కిందికి దిగవచ్చు. సగటున 5 నాట్ల వేగం పెట్టుకుంటే రోజుకు 120 మైళ్ళు, అంటే జలసంధి ముఖద్వారానికి అయిదున్నర రోజులు. మీరు మాత్రం ఎనిమిది రోజులకు నీళ్ళూ తిండీ లెక్కవేసుకోండి.

మొగల్రాజపురం, విజయవాడ

అరండల్‌పేట వారు గాలి గురించి చెప్పినదంతా నాకు సమ్మతమే. నేను కళాశాలలో భూగోళ శాస్త్రం బోధిస్తాను. మీరు అడిగిన నవంబరు గురించి గట్టిగా చెప్పవలసి ఉంది కాబట్టి రాస్తున్నాను.

దివిసీమ పేరు మీరే ఎత్తారు. 1977 నవంబరు 19న అక్కడ ఏం జరిగిందో మీ ఇంట్లో పెద్దలు చెప్పే ఉంటారు. నవంబరులో మనకు నేల మీద ఆకాశం తేటగా కనిపించినా, ఆగ్నేయ బంగాళాఖాతంలోనూ అండమాన్ సముద్రంలోనూ నీరు ఇంకా వెచ్చగా ఉండి తుపాన్లకు ప్రాణం పోస్తూనే ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, మళ్ళీ ఏప్రిల్ నుంచి జూన్ ఆరంభం వరకు బంగాళాఖాతానికి రెండు తుపాను కాలాలు. ఈ తుపాన్లు నడిచే దారి మీరు వెళ్ళబోయే దారే. 2013లో లెహర్ తుపాను నవంబరు 25న పోర్ట్ బ్లెయిర్ దగ్గర అండమాన్ దీవులను దాటి, మన తీరం వైపు వచ్చి, బలహీనపడి 28న మచిలీపట్నం దగ్గర ఒడ్డెక్కింది. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 8న అండమాన్ మీదుగా దాటి 12న విశాఖను తాకింది. పటం మీద వీటి మార్గాలను మీ మార్గం పక్కన గీసి చూడండి. మీరు అయిదారు రోజుల్లో అటు వెళ్ళే దూరాన్ని అవి మూడు నాలుగు రోజుల్లో ఇటు వచ్చాయి. మధ్యలో ఎదురుపడితే తప్పుకోవడానికి గంటకు అయిదు మైళ్ళ పడవకు సమయం సరిపోదు.

ఇందులో ఇంకొక ప్రమాదం ఉంది. ఉత్తరార్ధగోళంలో తుపాను కదిలే దిశకు కుడిపక్క ఎక్కువ ప్రమాదకరమైనది. అక్కడ తుపాను సుడిగాలి వేగానికి దాని నడక వేగం తోడవుతుంది. పైగా ఆ పక్కన, తుపానుకు ముందున్న పడవను గాలి దాని దారిలోకే నెడుతుంది. వాయవ్యానికి కదిలే తుపానుకు కుడిపక్క అంటే ఈశాన్యం. గాలివైపు ఎత్తు కాపాడుకోవడానికి మీరు ఎంచుకునే ఉత్తరపు గీత ఆ పక్కకే చేరుస్తుంది. అందువల్ల ఉత్తరంగా ఉండమన్న సలహా తుపాను కాలం దాటాక మాత్రమే మంచి సలహా.

డిసెంబరు కూడా నమ్మదగినది కాదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. జనవరిలో తుపాన్లు అరుదు, ఫిబ్రవరిలో మరీ అరుదు. అరుదంటే రావని అర్థం కాదు. 2019 జనవరి మొదటి వారంలో పబుక్ తుపాను థాయ్‌లాండ్ సింధుశాఖలో నుంచి భూభాగం దాటి అండమాన్ సముద్రంలోకి వచ్చింది. కనుక ఏ నెలలో వెళ్ళినా, బయలుదేరే ముందు విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రం ప్రకటనలను, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే కెరటాల ఎత్తు, ప్రవాహాల అంచనాలను రోజూ చూడాలి. దక్షిణ అండమాన్ సముద్రం మీద అల్పపీడనం ఏర్పడే సూచన ఉన్నా సరే, రేవు దాటకండి.

పడవలో బారోమీటర్ ఉందా? మన అక్షాంశాల్లో గాలి పీడనం రోజూ ఒక క్రమంలో, ఉదయం పది, రాత్రి పది ప్రాంతాల్లో ఎక్కువగానూ, తెల్లవారుజాము నాలుగు, సాయంత్రం నాలుగు ప్రాంతాల్లో తక్కువగానూ ఉంటుంది. ఆ రోజువారీ హెచ్చుతగ్గులను మినహాయించాక, ఆ కాలానికి ఉండవలసిన సగటు కన్నా మూడు మిల్లీబార్లు (పీడనాన్ని కొలిచే ప్రమాణం) తగ్గితే అనుమానించాలి, అయిదు తగ్గితే దగ్గరలో తుపాను ఉన్నట్టే భావించాలి అన్నది నావికుల పాత నియమం. ఉపగ్రహ ఫోను పనిచేయకపోయినా ఇది పనిచేస్తుంది. గంటగంటకూ పుస్తకంలో రాసుకోండి.

సముద్ర ప్రవాహం విషయం కూడా ఫిబ్రవరినే సమర్థిస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరం వెంబడి నీరు దక్షిణానికి పారుతుంది. ఫిబ్రవరికల్లా అది తిరగబడి ఉత్తరానికి పారడం మొదలై మార్చి, ఏప్రిల్ నెలల్లో బాగా బలపడుతుంది. ఒక నాట్ ప్రవాహం అంటే 24 గంటల్లో 24 మైళ్ళు. నవంబరులో ఆ మైళ్ళను మీరు గాలికి ఎదురొడ్డి తిరిగి సంపాదించుకోవాలి, ఫిబ్రవరిలో సముద్రమే మీకు ఇస్తుంది.

భవానీపురం, విజయవాడ

నేను ఇద్దరు మిత్రులతో కలిసి ఒక ఫిబ్రవరిలో ఇదే దారిన వెళ్ళాను. చివరి వంద మైళ్ళ గురించే చెబుతాను, ఎందుకంటే మిగతాదంతా పైవారు చెప్పినట్టే ఉంటుంది.

శ్రీ విజయపురం దక్షిణ అండమాన్‌కు తూర్పు ఒడ్డున ఉంది. మీరు వచ్చేది పడమటి నుంచి. అంటే దీవుల వరుసను ఎక్కడో ఒకచోట దాటి వెనుకకు తిరిగి రావాలి. దక్షిణాన డంకన్ జలసంధి, ఇంకా కిందికి వెళితే లిటిల్ అండమాన్‌కూ కార్ నికోబార్‌కూ నడుమ సుమారు 150 కిలోమీటర్ల వెడల్పున పదో డిగ్రీ జలసంధి, ఉత్తరాన మయన్మార్‌కు చెందిన కోకో దీవుల కింద కోకో జలసంధి ఉన్నాయి. డంకన్ దగ్గరి దారే, కానీ అందులో చిన్న దీవులు, గట్లు ఉన్నాయి, రాత్రి పూట చొరబడవద్దు. చీకటి పడే వేళకు ముఖద్వారం చేరితే తెరచాప కుదించుకుని బయటే తెల్లవారేదాకా ఉండండి. దాటాక రేవు దాకా యాభై మైళ్ళ లోపు ఈశాన్య గాలికి ఎదురు వెళ్ళాలి. ఆ ఒక్కపూట ఇంజను వేసుకోవడంలో తప్పేమీ లేదు.

దక్షిణ అండమాన్‌కు పడమటగా నార్త్ సెంటినెల్ దీవి ఉంది. దాని చుట్టూ అయిదు నాటికల్ మైళ్ళ మేర ఎవరూ ప్రవేశించరాదన్నది చట్టం. అక్కడివారి భద్రత కోసమే ఆ నిబంధన. దానిని మనసారా పాటించాలి. అయిదు కాదు, ఇరవై మైళ్ళ దూరం ఉంచుకునేలా ముందే గీత గీసుకోండి. గాలి ఆగిపోయి ప్రవాహం తోసినా అప్పుడు మీకు వెసులుబాటు ఉంటుంది.

ఉత్తరపు దారి గురించి అరండల్‌పేట వారి అభిప్రాయం తెలుసుకోవాలని ఉంది. కోకో జలసంధి నుంచి తిరిగితే తూర్పు ఒడ్డు వెంబడి గాలి వెనుక పెట్టుకుని దిగవచ్చు కదా?

అరండల్‌పేట, గుంటూరు

దిగవచ్చు, అది అందమైన దారి కూడా. విశాఖ నుంచి కోకో జలసంధికి దిశ సుమారు 111 డిగ్రీలు, ఈశాన్య గాలితో కోణం 66 డిగ్రీలు. జనవరిలో గాలి ఉత్తరానికి ఒరిగి ఉంటే హాయిగా వెళ్ళవచ్చు. కానీ గాలి తూర్పుకు మళ్ళితే ఆ దారి మూసుకుపోతుంది. డంకన్ దారిలో వెళ్ళేవారికి గాలి మళ్ళినా దారి మిగులుతుంది. పైగా ఉత్తరాన పరాయి దేశపు జలాలు తగలకుండా చూసుకోవాలి. మొదటిసారి వెళుతున్న వీరికి డంకన్ దారినే నేను సూచిస్తాను. మూడవ రోజు గాలిని చూసి, ఎత్తున ఉంటే అప్పుడు ఆలోచించుకోవచ్చు.

మొగల్రాజపురం వారు చెప్పిన మెలిక సరైనది. ఉత్తరపు ఎత్తు అన్నది జనవరి మధ్య తరువాతి మాట.

తూర్పు ప్రయాణాలకు కాలాన్ని ఎలా వెనుక నుంచి లెక్కకట్టాలో చూడాలంటే మన నౌకాదళం పడవ తారిణి ప్రయాణం చూడండి. ఆరుగురు మహిళా అధికారులు, వారిలో విశాఖకు చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బి. ఐశ్వర్య ఉన్నారు, 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి, ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్, న్యూజీలాండ్‌లోని లిటిల్‌టన్ మీదుగా తూర్పుకే సాగి, 2018 మే 21న తిరిగి గోవా చేరారు. దక్షిణ మహాసముద్రంలో పడమటి గాలులు వీస్తాయి కనుక భూమిని చుట్టే పడవలు తూర్పుకు వెళతాయి. ఆ దారిలో అతి కఠినమైన కేప్ హార్న్‌ను దక్షిణార్ధగోళపు వేసవిలో దాటాలి. తారిణి దానిని జనవరిలో దాటింది. తిరిగి వచ్చేటప్పుడు అరేబియా సముద్రంలో నైరుతి ముదరకముందే గోవా చేరాలి. ఈ రెండు గడువులకూ సరిపోయేది సెప్టెంబరు. మీరు కూడా అలాగే, బయలుదేరే రోజు నుంచి కాకుండా ఫుకెట్ చేరి పడవను భద్రపరచవలసిన రోజు నుంచి వెనక్కి లెక్కవేయండి.

బ్రాడీపేట, గుంటూరు

ప్రశ్న అడిగినవారి మూడో కోరిక గురించి ఒక మాట. మచిలీపట్నం కుదరదని తెలిసి నిరాశపడవద్దు. తూర్పుకు బయలుదేరే చోటును మన పాత నావికులు కూడా సెంటిమెంటుతో కాకుండా గాలిని చూసే ఎంచుకున్నట్టున్నారు. రెండవ శతాబ్దంలో గ్రీకు పండితుడు టాలమీ తన భూగోళ గ్రంథంలో కృష్ణ ముఖద్వార ప్రాంతంలోని కంటకోసిలను, అంటే మన ఘంటసాలను, వర్తక స్థానంగా పేర్కొన్నాడు. అక్కడ దొరికిన ప్రాకృత శాసనాల్లో శివకుడనే మహానావికుడి ప్రస్తావన ఉంది. అయినా సువర్ణభూమికి, అంటే ఆగ్నేయాసియాకు, వెళ్ళే ఓడలు తీరాన్ని విడిచి నడిసముద్రంలోకి తిరిగే చోటును టాలమీ ఘంటసాలకు కాకుండా, తీరం వెంట ఇంకా పైన చూపించాడు. అది సరిగ్గా ఎక్కడన్న దానిపై పండితుల్లో భేదాభిప్రాయాలున్నా, ఓడలు ముందు తీరం వెంబడి ఉత్తరానికి వెళ్ళి, అక్కడి నుంచి తూర్పుకు తిరిగేవని తెలుస్తుంది. అరండల్‌పేట వారు డిగ్రీల్లో చెప్పిన లెక్క దీనికి దగ్గరగా ఉండటం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

పటమట, విజయవాడ

ఇంత శ్రద్ధగా రాసిన మీ అందరికీ నమస్కారాలు. ఈ సమాధానాలన్నీ బావగారికి చదివి వినిపించాను. దీవుల పడమటి అంచు గురించిన మాట విన్నాక ఆయన జూన్ ఆలోచన మానుకున్నారు. విశాఖ నుంచి, డంకన్ దారిన అని నిర్ణయించుకున్నాం. మిగిలిన సందేహం ఒక్కటే. జనవరి చివరా, ఫిబ్రవరి చివరా? మా నలుగురిలో ఇద్దరికి మార్చి మొదటివారం అయితే సెలవు దొరకడం తేలిక.

అరండల్‌పేట, గుంటూరు

సెలవు కోసం మార్చిని ఎంచుకోవద్దు. జనవరి చివర, ఫిబ్రవరి మొదటి సగంలో 10 నుంచి 15 నాట్ల ఈశాన్య గాలిని ఆశించవచ్చు. ఫిబ్రవరి చివరికల్లా మన తీరం దగ్గర గాలి దక్షిణానికి, నైరుతికి తిరుగుతుంది, నడిసముద్రంలో బలం తగ్గి దిక్కు నిలకడ లేకుండా పోతుంది. మార్చిలో ప్రమాదం తక్కువే కానీ గాలి ఆగిన రోజుల్లో ఇంజను మీద ఆధారపడవలసి వస్తుంది. 660 మైళ్ళకు సరిపడా డీజిలు మీ పడవ మోయలేదు. ఆలస్యమైతే ఫుకెట్ వెళ్ళి తిరిగి రావడం ఏప్రిల్ తుపాను కాలంలోకి జరుగుతుంది. శ్రీ విజయపురం నుంచి ఫుకెట్ మరో 400 మైళ్ళు, అదీ ఆగ్నేయ దిశే కనుక ఫిబ్రవరిలో గాలి పక్క నుంచే ఉంటుంది.

మొగల్రాజపురం, విజయవాడ

ఫుకెట్ దారిలో ఒక విషయం ముందే తెలుసుకుని ఉంటే కంగారుపడరు. అండమాన్ సముద్రంలో నీటి లోపలి పొరల్లో పెద్ద అంతర్గత తరంగాలు పుడతాయి. పైన గాలి లేకపోయినా, మైళ్ళ పొడవునా ఒక పట్టీలా నీరు ఉన్నట్టుండి చిందరవందరగా ఎగసి, చప్పుడు చేస్తూ దగ్గరికి వచ్చి, పడవను కాసేపు ఊపి దాటిపోతుంది. గట్టు ఉందేమోనని భయపడి దిశ మార్చకండి, పటంలో లోతు చూసుకుని సాగిపోండి.

భవానీపురం, విజయవాడ

బయలుదేరే రోజు గురించి నా సూచన. అంచనా అనుకూలంగా ఉన్న రోజుల్లో శుక్లపక్షం సగం గడిచిన తిథి చూసుకోండి. తీరం నుంచి చాలా దూరం దాకా మత్స్యకారుల పడవలు, వలలు ఉంటాయి. చాలా పడవలకు దీపాలు సరిగా ఉండవు, చుట్టుపక్కల ఓడలను చూపే ఏఐఎస్ పరికరం తెర మీద కనిపించవు. వెన్నెల ఉంటే వారికీ మీకూ మంచిది. చీకటి ఉండగానే రేవులో అన్నీ సిద్ధం చేసుకుని, తెల్లవారుజామున నేల మీది నుంచి సముద్రం వైపు వీచే గాలిలో తెరచాప ఎత్తండి. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యేలోపు తీరానికి పది పదిహేను మైళ్ళ దూరంలో ఉంటారు, మొదటి రోజు వలల మధ్య దారి వెతుక్కునేది పగటి వెలుతురులో జరుగుతుంది.